జేమ్స్‌టౌన్, యార్క్‌టౌన్ ఒక్క రోజులో ఎలా చూడాలి: టికెట్ల దగ్గర్నుంచి మట్టిగట్ల దాకా

వర్జీనియాలోని కలోనియల్ నేషనల్ హిస్టారికల్ పార్క్ గురించి మనవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. "జేమ్స్‌టౌన్ వెళ్లాం, ఓడలెక్కాం, కోట చూశాం. ఇప్పుడు అసలు జేమ్స్‌టౌన్ వేరే ఉందంటున్నారేమిటి?" అన్నది మొదటిది. "యార్క్‌టౌన్‌లో గడ్డి తప్ప చూడ్డానికేముంది?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. ఈ పార్కులో కనిపించే ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది అసలుదా, తర్వాత మళ్లీ కట్టిందా, వేరే యుద్ధం నాటిదా అని అడగాలి. ఆ అలవాటు లేకపోతే రోజంతా తిరిగినా ఏం చూశామో తేలదు. ఉంటే మాత్రం ఖాళీ గడ్డినేల కూడా మాట్లాడుతుంది.

పార్కులో ముఖ్యమైనవి మూడు. ఒక చివర 1607లో ఇంగ్లీషువాళ్లు దిగిన జేమ్స్‌టౌన్ ద్వీపం, ఇంకో చివర అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781లో వాళ్ల సైన్యం లొంగిపోయిన యార్క్‌టౌన్, రెండింటినీ కలుపుతూ కలోనియల్ పార్క్‌వే అనే 23 మైళ్ల రోడ్డు. మధ్యలో విలియమ్స్‌బర్గ్ ఊరు. ఒక రోజులో చూడొచ్చు, కానీ ఉదయం 9కి గేటు దగ్గర ఉండాలి. రెండు రోజులు దొరికితే ఇంకా మంచిది.

ముందు పేర్లు సరిచూసుకోండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒకేలా వినిపించే పేర్లతో, వేర్వేరు యాజమాన్యాల కింద ఐదు చోట్లున్నాయి.

- హిస్టారిక్ జేమ్స్‌టౌన్: అసలు నేల ఇదే. నేషనల్ పార్క్ సర్వీస్, ప్రిజర్వేషన్ వర్జీనియా అనే సంస్థ కలిసి నడుపుతాయి. చిరునామా 1368 కలోనియల్ పార్క్‌వే.
- జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్: రాష్ట్రానికి చెందిన మ్యూజియం. నమూనా ఓడలు, నమూనా కోట, అక్కడి మూలవాసులైన పౌహాటన్ ప్రజల ఊరి నమూనా ఉంటాయి. చిరునామా 2110 జేమ్స్‌టౌన్ రోడ్.
- యార్క్‌టౌన్ బ్యాటిల్‌ఫీల్డ్: అసలు యుద్ధభూమి, నేషనల్ పార్క్ సర్వీస్‌ది. చిరునామా 1000 కలోనియల్ పార్క్‌వే.
- అమెరికన్ రివల్యూషన్ మ్యూజియం, యార్క్‌టౌన్: ఇదీ రాష్ట్రానిదే. టికెట్ వేరు.
- కలోనియల్ విలియమ్స్‌బర్గ్: ప్రైవేటు ఫౌండేషన్‌ది. వీధుల్లో ఊరికే నడవచ్చు, భవనాల లోపలికి వెళ్లాలంటే టికెట్ కావాలి.

ఈ వ్యాసం మొదటిదాని గురించి, మూడోదాని గురించి మాత్రమే. రాష్ట్ర మ్యూజియంలు తక్కువవని కాదు. ఐదారేళ్ల పిల్లలకు నమూనా ఓడలే ఎక్కువ నచ్చుతాయి. కానీ అవి చూసి, అసలు చోటు చూశామనుకుని తిరిగొచ్చేస్తే నష్టం. ఫోన్ మ్యాపులో వట్టి "జేమ్స్‌టౌన్" అని కొట్టకండి. పూర్తి పేరో, పై చిరునామానో ఇవ్వండి.

కావలసినవి

- కారు. విలియమ్స్‌బర్గ్ దాకా ఆమ్‌ట్రాక్ రైలు ఉంది, కానీ అక్కడి నుంచి రెండు చివరలకూ వెళ్లాలంటే సొంత వాహనమో అద్దె కారో తప్పదు.
- నిండా పెట్రోలు. పార్క్‌వే మీద బంకులు లేవు.
- మడమ పట్టి ఉంచే బూట్లు. అమ్మానాన్నలను తీసుకొస్తుంటే హవాయి చెప్పులు వద్దని ముందే చెప్పండి. కంకర దారులు, ఎగుడుదిగుడు గడ్డి ఎక్కువ.
- నిండు ప్యాంటు, పొడుగు సాక్సు, పురుగుల మందు స్ప్రే. ద్వీపంలో పిడుదులు (ఒంటికి పట్టుకునే టిక్స్), దోమలు బాగా ఉంటాయి.
- మనిషికి కనీసం లీటరు నీళ్లు. జులై, ఆగస్టుల్లో అక్కడి ఉక్క విజయవాడ ఎండకేమీ తీసిపోదు.
- తిండి. జేమ్స్‌టౌన్‌లో నది ఒడ్డున చిన్న కేఫ్ ఉంది, శాండ్‌విచ్‌ల వరకు దొరుకుతాయి. శాకాహారులు పులిహోరో దద్దోజనమో కట్టుకెళ్లడం మేలు. తవ్వకాలు జరిగే చోట మాత్రం డబ్బాలు విప్పకండి.
- నేషనల్ పార్క్ సర్వీస్ యాప్. ఈ పార్కు సమాచారం ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్‌గా దించుకోండి. ద్వీపంలో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

డ్రోన్, మెటల్ డిటెక్టర్ ఇంట్లోనే వదిలేయండి. రెండూ నిషేధం. నేల మీద కనిపించిన పెంకుముక్క జేబులో వేసుకున్నా నేరమే. పిల్లలకు ఈ మాట కారు దిగకముందే చెప్పాలి.

1. రోజు ఎంచుకోండి

ఏప్రిల్, మే, అక్టోబరు బాగుంటాయి. అక్టోబరు 19 యార్క్‌టౌన్ విజయదినం. ఆ రోజు కవాతులు, వేడుకలు ఉంటాయి కాబట్టి జనమూ ఉంటారు. ప్రశాంతంగా చూడాలంటే దానికి వారం అటో ఇటో రండి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో విజిటర్ సెంటర్లు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో మామూలుగా ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు.

వాషింగ్టన్ వైపు నుంచి వచ్చేవాళ్లకు దాదాపు 150 మైళ్లు. రోడ్డు ఖాళీగా ఉంటే రెండున్నర, మూడు గంటలు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం ఐ-95 హైవే మీద ఈ లెక్క పనికిరాదు. శనివారం తెల్లవారుజామున 5:30కల్లా బయలుదేరండి, లేదా ముందు రాత్రే విలియమ్స్‌బర్గ్‌లో దిగండి. రిచ్‌మండ్ నుంచయితే గంట ప్రయాణం.

2. టికెట్ లెక్క తేల్చుకోండి

హిస్టారిక్ జేమ్స్‌టౌన్ దగ్గర రెండు రుసుములు కలిపి తీసుకుంటారు. ఒకటి నేషనల్ పార్క్‌ది, రెండోది ప్రిజర్వేషన్ వర్జీనియాది. మీ దగ్గర "అమెరికా ది బ్యూటిఫుల్" వార్షిక పాసు ఉంటే మొదటిదే మాఫీ అవుతుంది, రెండోది కట్టాలి. "పాసుంది కదా, ఎందుకు కట్టాలి" అని గేటు దగ్గర వాదన పెట్టుకునేవాళ్లు తెలుసుకోవలసింది ఇదే. కౌంటర్‌లోని మనిషి తప్పేమీ చేయలేదు. యార్క్‌టౌన్‌లో ఉన్నది నేషనల్ పార్క్ రుసుము ఒక్కటే, కాబట్టి అక్కడ పాసు పూర్తిగా పనిచేస్తుంది.

పాసు లేకపోతే జేమ్స్‌టౌన్‌లో తీసుకున్న రసీదు పారేయకండి. అందులోని నేషనల్ పార్క్ రుసుము 7 రోజులు చెల్లుతుంది, యార్క్‌టౌన్‌లో చూపించవచ్చు. రేట్లు మారుతుంటాయి కనుక ముందు రోజు రాత్రి అధికారిక సైటులో ఒకసారి చూసుకోండి.

ఇంకో రెండు సంగతులు. 62 ఏళ్లు దాటినవాళ్ల సీనియర్ పాసు అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు అది రాదు. ఇక మీ ఇంట్లో నాలుగో తరగతి పిల్లలుంటే వాళ్ల పేరు మీద ఉచిత పాసు ఉంటుంది. వోచరును కాగితం మీద ప్రింట్ తీసి తెచ్చుకోండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోవద్దు.

కాంబో టికెట్ ఎక్కడైనా కనిపిస్తే అందులో పైన చెప్పిన ఐదు పేర్లలో ఏవేవి ఉన్నాయో చదివాకే కొనండి.

3. జేమ్స్‌టౌన్‌తో మొదలుపెట్టండి

ఐ-64 మీద 242ఎ ఎగ్జిట్ తీసుకుని, 199 రోడ్డు మీదుగా పార్క్‌వే ఎక్కి, ద్వీపం వైపు తిరగండి. యార్క్‌టౌన్ ముందు చూసి ఇటు వస్తే రెండు ఇబ్బందులు. కథ వెనక నుంచి ముందుకు నడుస్తుంది, ద్వీపం గేటు మూసే వేళ అయిపోతుంది. యార్క్‌టౌన్‌లో కారు దారులు సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటాయి, అందుకే దాన్ని మధ్యాహ్నానికి పెట్టుకోవాలి.

విజిటర్ సెంటర్‌లోకి అడుగుపెట్టగానే ఆ రోజు గైడ్ టూర్ల వేళలు రాసిన బోర్డు చూడండి. రేంజర్లు నడిపేవి, తవ్వకాల నిపుణులు నడిపేవి ఉంటాయి. మీ వేళకు దొరికే మొదటి టూరు పట్టుకోండి. సినిమా, ప్రదర్శన తర్వాత చూసినా ఫర్వాలేదు. ఎందుకంటే ఈ చోటు మనంతట మనం చూస్తే చర్చి గోపురం, నాలుగు విగ్రహాలు, కొన్ని కర్రలు మాత్రమే. చెప్పేవాళ్లుంటేనే అర్థమవుతుంది.

పిల్లలుంటే అక్కడే జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. పని పూర్తిచేసి చూపిస్తే బ్యాడ్జి ఇస్తారు. మధ్యాహ్నం దాకా పిల్లలు విసుక్కోకుండా ఉండటానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

4. కోట దగ్గర నెమ్మదించండి

విజిటర్ సెంటర్ నుంచి చిత్తడినేల మీద వేసిన వంతెన దాటితే పాత ఊరి స్థలం వస్తుంది. ఎక్కువసేపు గడపవలసింది ఇక్కడే, కనీసం రెండు గంటలు.

క్లుప్తంగా విషయం ఇది. 1607 మేలో సుజన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ అనే మూడు ఓడల్లో వచ్చిన 104 మంది మగవాళ్లు, కుర్రాళ్లు ఇక్కడ దిగి మూడు మూలల కోట కట్టారు. పంపింది లండన్‌లోని వర్జీనియా కంపెనీ. నేల ఖాళీగా లేదు, పౌహాటన్ నాయకుడి పాలన కింది పాస్పహెగ్ ప్రజలది. 1609-10 చలికాలపు కరువులో కోటలోని సుమారు 300 మందిలో బతికింది 60 మంది.

కోట నదిలో కొట్టుకుపోయిందని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1994లో పురావస్తు నిపుణుడు విలియం కెల్సో బృందం తవ్వకాలు మొదలుపెట్టాక తేలింది, ఒక మూల తప్ప మిగతాదంతా నేల కిందే ఉందని. ఎలా కనుక్కున్నారన్నది టూర్‌లో తప్పక అడగండి. పాతిన కర్ర కుళ్లిపోయినా, అది ఉన్న చోట మట్టి రంగు మారుతుంది. గుండ్రటి నల్లమచ్చలు వరసగా, దగ్గర దగ్గరగా కనిపిస్తే అది గోడ. తవ్వకం జరుగుతుంటే తాడు దగ్గర వంగి చూడండి. పసుపు పచ్చని బంకమట్టిలో ఆ ముదురు మచ్చలు కంటికే కనిపిస్తాయి. ఇప్పుడు మీరు చూసే కర్రల కంచె ఆ మచ్చల వరస మీద ఈ కాలంలో పాతింది. కర్ర కొత్తది, గీత అసలుది.

మొదటి పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చర్చి పక్కన గడ్డి కప్పిన మట్టిగట్టు కనిపిస్తుంది. చాలామంది అదే 1607 కోట గోడ అనుకుని ఫోటోలు దిగుతారు. అది 1861లో అంతర్యుద్ధం సమయంలో కాన్ఫెడరేట్ (దక్షిణ రాష్ట్రాల) సైన్యం పోసిన గట్టు. పాత కోట మీదే పోశారు. ఒక రకంగా దాని కింద ఉన్న భాగాన్ని అదే కాపాడింది కూడా.

చర్చి విషయంలోనూ అంతే. ఇటుక గోపురం 17వ శతాబ్దానిది, వెనక ఆనుకుని ఉన్న చర్చి భవనం 1907లో కట్టింది. 1619 జులై 30న వర్జీనియా మొదటి ప్రతినిధుల సభ కూర్చుంది ఈ స్థలంలోనే ఉన్న పాత చర్చిలో. పౌహాటన్ నాయకుడి కూతురు పోకహాంటస్, ఇంగ్లీషువాడు జాన్ రోల్ఫ్‌ల పెళ్లి 1614లో జరిగింది ఇందులో కాదు, కోట లోపలి ఇంకో పాత చర్చిలో. దాని స్థలం విడిగా గుర్తుపెట్టి ఉంటుంది, అడిగి చూడండి.

5. ఆర్కియేరియం మ్యూజియం వదలకండి

కోట చూశాకే ఇందులోకి వెళ్లండి, ముందు కాదు. బావుల్లో, గోతుల్లో దొరికిన వస్తువులు ఇక్కడుంటాయి. వాటిని తీసిన గుంట ఎక్కడుందో కళ్లారా చూసి వస్తేనే వస్తువు విలువ తెలుస్తుంది. భవనం కూడా పాత స్టేట్‌హౌస్ పునాదుల మీదే ఉంది. నేలలో అమర్చిన అద్దాల్లోంచి ఆ పునాదులు కనిపిస్తాయి.

కరువు కాలంలో చనిపోయిన సుమారు 14 ఏళ్ల అమ్మాయి పుర్రె కూడా ఇక్కడుంది. పరిశోధకులు ఆమెకు జేన్ అని పేరు పెట్టారు. 2012లో దొరికింది. ఎముకల మీది కత్తిగాట్లను బట్టి ఆమె చనిపోయాక శరీరాన్ని తిన్నారని 2013లో ప్రకటించారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఒకరు ముందుగా లోపలికి వెళ్లి చూసి, చూపించాలో వద్దో నిర్ణయించుకోండి. మానవ అవశేషాలున్న గదిలో ఫోటోల గురించి బోర్డు చదివి నడుచుకోండి.

6. న్యూ టౌన్ వైపు ఒక అరగంట

కోటకు తూర్పున ఊరు విస్తరించిన చోటు. గడ్డిలో ఇటుక పునాదుల గీతలు కనిపిస్తాయి. చాలావరకు ఇవి అసలువి కావు. అసలు పునాదులను మట్టితో కప్పి, వాటిపైన అదే కొలతలో పేర్చిన ఇటుకలు. ఎక్కకండి.

ఇక్కడ ఏంజెలా పేరున్న స్థలం వెతకండి. 1619లో ఆఫ్రికా నుంచి బందీలుగా మనుషులను తెచ్చిన కథలో, పేరు రికార్డుకెక్కిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 1625 జనాభా లెక్కలో కెప్టెన్ విలియం పియర్స్ ఇంట్లో ఆమె పేరుంది. మన వైపు వాళ్లకు ఇంకో సంగతి ఆసక్తిగా ఉంటుంది. మనిషిని తీసుకొస్తే తలకు 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది. జార్జ్ మెనెఫీ అనే వ్యాపారి 1635లో అలా భూమి కోసం చూపిన పేర్లలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒకటుంది.

టైముంటే కారులో ద్వీపం చుట్టూ తిరిగే దారి ఉంది, 3 మైళ్లది ఒకటి, 5 మైళ్లది ఒకటి. పెద్దవాళ్లు నడవలేకపోతే ఇది మంచి మార్గం. వాన పడిన మర్నాడు, నది పొంగినప్పుడు నీళ్లు నిలుస్తాయి. దారి మూసిందీ లేనిదీ కౌంటర్‌లో కనుక్కోండి. నది మట్టం పెరిగి ఈ ద్వీపమే ముంపు అంచున ఉంది. 2022లో అమెరికాలో అత్యంత ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో దీన్ని చేర్చారు. వీలైనంత త్వరగా చూడమని గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం.

ద్వీపం మొదట్లో గ్లాస్‌హౌస్ ఉంది. 1608లోనే ఇక్కడ గాజు చేయడానికి ప్రయత్నించారు. పాత కొలిమి అవశేషాలు, ఇప్పటి గాజు ఊదేవాళ్ల పని రెండూ చూడొచ్చు. ఇరవై నిమిషాలు చాలు.

7. పార్క్‌వే మీద జాగ్రత్తగా నడపండి

ఈ రోడ్డు మీద మధ్యగీత ఉండదు. కంకర తేలిన కాంక్రీటు, మూడు వరసల వెడల్పు. చూడ్డానికి వన్‌వేలా ఉంటుంది, కానీ రెండు వైపులా బండ్లు వస్తాయి. కుడి వరసలోనే ఉండండి. మధ్య వరసను సొంతం చేసుకుని నడపడం ఇక్కడ జరిగే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది. వేగం చాలాచోట్ల 45 మైళ్లు, కొన్నిచోట్ల 35. రేంజర్లు ఆపి టికెట్ రాస్తారు. సైకిళ్లవాళ్లు ఉంటారు, సాయంత్రమైతే జింకలు అడ్డం వస్తాయి, రాత్రి దీపాలుండవు.

జేమ్స్‌టౌన్ నుంచి యార్క్‌టౌన్‌కు ఆగకుండా వెళ్తే ముప్పావు గంట లోపే. దారి పొడుగునా ఆగే చోట్లు, బోర్డులు ఉన్నాయి. నదిని ఆనుకుని ఉన్న చోటొకటి చూసి భోజనం అక్కడ కానివ్వండి. మరమ్మతులకు కొన్ని భాగాలు నెలల తరబడి మూస్తుంటారు కాబట్టి ఉదయమే పార్కు సైటులో చూసుకోండి. మూసి ఉంటే ఐ-64 మీదుగా వెళ్లొచ్చు. బస్సు మాట్లాడుకుని వచ్చే బృందాలు పార్కువాళ్లను ముందుగా సంప్రదించి అనుమతి సంగతి తేల్చుకోవాలి. కమర్షియల్ వాహనాలను ఈ రోడ్డు మీదికి ఊరికే రానివ్వరు.

8. యార్క్‌టౌన్‌లో ఎర్ర బాణాలు పట్టుకోండి

విజిటర్ సెంటర్‌లో మ్యాపు తీసుకోండి, చిన్న సినిమా చూడండి. వాషింగ్టన్ వాడిన గుడారం భాగాలు ఇక్కడే ఉన్నాయి. తర్వాత కారు దారులు రెండు. ఎర్ర బాణాలది యుద్ధభూమి దారి, 7 మైళ్లు. పసుపు బాణాలది సైన్యాల విడిదుల దారి, 9 మైళ్లు. ఒక్క మధ్యాహ్నమే ఉంటే ఎర్రది చాలు. రెండూ సగం సగం చూసేకంటే ఎర్రదాన్ని ప్రతి చోటా దిగి చూడటం మేలు. దిగుతూ చూస్తే గంటన్నర పడుతుంది. పసుపు దారి అడవిలోంచి పోతుంది, వాషింగ్టన్ మకాం వేసిన చోటు, ఫ్రెంచి శ్మశానం అందులో వస్తాయి. రెండో రోజు ఉన్నవాళ్లకు అది బాగుంటుంది.

కారెక్కే ముందు ఈ తేదీలు బుర్రలో పెట్టుకుంటే ఆగే ప్రతి చోటూ అర్థమవుతుంది. సెప్టెంబరు 5న ఫ్రెంచి నౌకాదళం సముద్రం వైపు ఇంగ్లీషు ఓడలను అడ్డుకుంది, దాంతో యార్క్‌టౌన్‌లో ఉన్న ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్‌కు నౌకాసాయం తెగిపోయింది. సెప్టెంబరు 28న వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబో సైన్యాలు ఊరిని చుట్టుముట్టాయి. అక్టోబరు 6 రాత్రి మొదటి ముట్టడి కందకం తవ్వడం మొదలైంది. 9న ఫిరంగులు పేలాయి. 11న రెండో కందకం, ఇంగ్లీషు గట్లకు మొదటిదానికన్నా దాదాపు సగం దూరంలో. 14 రాత్రి రెండు రెడౌట్ల పట్టివేత. 17న ఇంగ్లీషువైపు నుంచి తెల్లగుడ్డతో మనిషి వచ్చాడు. 19న లొంగుబాటు.

రెడౌట్ అంటే నాలుగు పక్కలా మూసిన చిన్న మట్టికోట. రెండో కందకాన్ని నది దాకా లాగడానికి 9వ, 10వ నంబరు రెడౌట్లు అడ్డంగా ఉన్నాయి. వాటిని తీసుకోందే పని సాగదు. ఇక్కడ కనీసం ఇరవై నిమిషాలు గడపండి. 9వ రెడౌట్ గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన మొనదేలిన కర్రల వరస చూడండి. దాని ముందు కొమ్మలు చెక్కి అడ్డంగా పరిచిన ముళ్లకంచె లాంటిది కూడా ఉండేది. ఫ్రెంచివాళ్లు 400 మంది 9వ దాని మీదికి, అలెగ్జాండర్ హామిల్టన్ కింద అమెరికన్లు 400 మంది 10వ దాని మీదికి ఒకేసారి వెళ్లారు. ఫ్రెంచివాళ్లు పద్ధతి ప్రకారం గొడ్డళ్లవాళ్లు కంచె నరికేదాకా ఆగారు. అమెరికన్లు ఆగకుండా, తూటా నింపని తుపాకులకు బాయొనెట్లు తొడిగి సందుల్లోంచి దూరారు. 10వది పది నిమిషాల్లో, 9వది అరగంట లోపు పడింది. ఫ్రెంచివైపు 15 మంది, అమెరికా వైపు 9 మంది చనిపోయారు. ఆ కర్రల దగ్గర నిలబడి చూస్తే ఆ తేడా ఎందుకొచ్చిందో పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

10వ రెడౌట్ ఒడ్డు కోతకు గురైంది. మిగిలింది కూడా చాలావరకు తిరిగి పోసిందే. నిజానికి ఇక్కడి ముట్టడి కందకాలు, గట్లలో ఎక్కువ భాగం 1930ల తర్వాత తవ్వకాల ఆధారంగా పార్కువాళ్లు మళ్లీ కట్టినవి. ముట్టడి ముగిశాక అసలువాటిని వాషింగ్టనే పూడ్పించాడు. ఇంకొకరు వచ్చి వాడుకోకుండా జాగ్రత్త అది. ఊరి అంచున ఉన్న ఇంగ్లీషువాళ్ల లోపలి గట్టు అసలు వరస మీదే ఉంది. అయితే మీకు కనిపించే ఎత్తు 1862లో కాన్ఫెడరేట్లు పెంచింది. జేమ్స్‌టౌన్‌లో చర్చి పక్కన చూసిన పొరపాటే ఇక్కడా జరుగుతుంది, గుర్తుపెట్టుకోండి.

గట్ల మీదికి ఎక్కకండి, పిల్లలను ఎక్కనివ్వకండి. మట్టి జారిపోతే మళ్లీ నిలబెట్టడం కష్టం. దారి ఉన్నచోట లోపలికి వెళ్లొచ్చు.

తర్వాత మూర్ హౌస్. లొంగుబాటు షరతులు 18న మాట్లాడుకున్న ఇల్లు. లోపలికి కొన్ని నెలల్లోనే, కొన్ని వేళల్లోనే రానిస్తారు, విజిటర్ సెంటర్‌లోనే అడిగి వెళ్లండి. చివర సరెండర్ ఫీల్డ్. కార్న్‌వాలిస్ ఒంట్లో బాగోలేదని రాలేదు, తన కింది అధికారి ఓహారాను పంపాడు. వాషింగ్టన్ ఆ లొంగుబాటు తానుగా తీసుకోకుండా తన కింది అధికారి బెంజమిన్ లింకన్ వైపు చూపించాడు.

ఈ కార్న్‌వాలిసే ఐదేళ్లకు, 1786లో, మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. గుంటూరు సర్కారు నిజాం చేతుల్లోంచి కంపెనీకి వచ్చింది అతని హయాంలోనే, 1788లో. 1793లో బెంగాల్లో అతను తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి ఉత్తర సర్కారుల్లోనూ పెట్టారు. కోస్తా జమీందారీల కథ తెలిసినవాళ్లు సరెండర్ ఫీల్డ్ దగ్గర పిల్లలకు ఇది చెప్పండి. బళ్లో చదివే రెండు చరిత్రలు ఒకే మనిషి దగ్గర కలుస్తాయి.

9. ఊళ్లో గంట మిగిలితే

యార్క్‌టౌన్ మెయిన్ స్ట్రీట్‌లో నెల్సన్ హౌస్ చూడండి. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన థామస్ నెల్సన్ ఇల్లు. గోడ మీద ఫిరంగి దెబ్బల గుర్తులున్నాయి. అందులో ఇరుక్కున్నట్టు కనిపించే గుండ్లు మాత్రం 20వ శతాబ్దంలో పెట్టినవి. నది ఒడ్డున కారు నిలిపి నడుచుకుంటూ పైకి రావచ్చు. సీజన్లో ఉచిత ట్రాలీ బస్సు తిరుగుతుంది, పెద్దవాళ్లకు మెట్ల బాధ తప్పుతుంది.

సరిగ్గా చూశారో లేదో ఇలా తేల్చుకోండి

కారెక్కే ముందు ఒకరినొకరు అడగండి. జేమ్స్‌టౌన్‌లో చూసిన మట్టిగట్టు ఎవరిది? కోట గోడ ఎక్కడుందో నేల చూసి ఎలా చెప్పారు? రెండో కందకానికి ఆ రెండు రెడౌట్లే ఎందుకు అడ్డం? కార్న్‌వాలిస్ నది దాటి ఎందుకు తప్పించుకోలేకపోయాడు? చివరి ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఒడ్డుకు వెళ్లి అవతల గ్లౌస్టర్ పాయింట్ ఎంత దగ్గరో చూడండి. 16 రాత్రి పడవల్లో సైన్యాన్ని అటు దాటించడం మొదలుపెట్టాడు. మధ్యలో గాలివాన వచ్చి పడవలు చెదిరిపోయాయి. మర్నాడు ఉదయమే తెల్లగుడ్డ వచ్చింది.

ఫోన్‌లో ఫోటోలు కూడా తిరగేయండి. అన్నిట్లో పూర్తి ఓడలు, గడ్డికప్పుల ఇళ్లు ఉంటే మీరు వెళ్లింది రాష్ట్ర మ్యూజియానికి. నదీతీరంలో ఇటుక గోపురం, దాని ముందు కర్రల కంచె ఉంటే అసలు చోటుకే వెళ్లారు.

ఇంటికో హోటల్‌కో చేరగానే అందరి కాళ్లూ, మోకాళ్ల వెనక, నడుం పట్టీ దగ్గర, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టులో పిడుదుల కోసం వెతకండి. కనిపిస్తే ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా వలయంలా దద్దురు వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించి, వర్జీనియాలో పిడుదు కుట్టిందని, తేదీతో సహా చెప్పండి.